స్టాక్‌హోమ్‌లో ఓడ దిగాక

చి. సౌ. బుజ్జితల్లికి, నాన్న ఆశీస్సులు.

మీ ఓడ స్టాక్‌హోమ్‌లో ఒక్క పగలే ఆగుతుందని రాశావు. అందులో ఓ మూడు గంటలు భూమి కింద గడపండి. అక్కడి మెట్రోకి 100 స్టేషన్లు, 90కి పైగా స్టేషన్లలో ఏదో ఒక కళాకారుడి చెయ్యి పడింది. అన్నీ చూడాలని పరుగెత్తకండి. ఐదు చాలు, కానీ నింపాదిగా నిలబడి చూడాలి.

ముందు ఓడ ఏ రేవులో ఆగుతుందో కనుక్కో. టికెట్ మీద స్టాక్‌హోమ్ అనే ఉంటుంది గానీ, పెద్ద ఓడలు కొన్ని ఊరికి దక్షిణాన 60 కిలోమీటర్ల దూరంలో నీనెస్‌హామ్న్ దగ్గర ఆగుతాయి. అక్కణ్ణించి లోకల్ రైల్లో ఊళ్లోకి గంట పడుతుంది. మామూలు టికెట్ 75 నిమిషాలే చెల్లుతుంది కాబట్టి రైలు దిగేసరికే అది అయిపోవస్తుంది. అలాగైతే 24 గంటల టికెట్ తీసుకోండి. అది గేటు దగ్గర కార్డు తాకిస్తే రాదు, యాప్‌లోనో మెషీన్‌లోనో కొనాలి. స్టాడ్స్‌గార్డెన్ రేవులో ఆగితే మాత్రం హాయి. నీటి ఒడ్డునే నడిస్తే 20 నిమిషాలకు అటూ ఇటూగా స్లుస్సెన్ స్టేషన్ వస్తుంది.

గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, దిగేటప్పుడు మళ్లీ తాకించక్కర్లేదు. ఒక కార్డు మీద ఒక్కరే వెళ్లాలి, అందుకని అల్లుడుగారి కార్డు ఆయన దగ్గరే ఉండాలి. 75 నిమిషాల్లోపు బయటికెళ్లి మళ్లీ లోపలికొస్తే రెండోసారి డబ్బు పోదు, కానీ మొదట తాకించిన కార్డే తాకించాలి. ఫోన్‌లో ఉన్న కార్డునీ చేతిలో ఉన్న కార్డునీ మెషీన్ వేర్వేరుగా లెక్కేస్తుంది. చాలామందికి డబ్బు పోయేది ఇక్కడే.

స్లుస్సెన్‌లో ఎరుపు లైను ఎక్కండి. 13వ నంబరు రైలు కాదు, 14. రెండూ ఒకే ప్లాట్‌ఫారానికి వస్తాయి, ఓస్టర్‌మాల్మ్స్‌టోరి దాటాక విడిపోతాయి. మెర్బీ సెంట్రుమ్ అని బోర్డున్న రైలెక్కి టెక్నిస్కా హెగ్‌స్కూలాన్‌లో దిగండి. పైన ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం ఉంది కదా, కింద 1973లో లెన్నార్ట్ మెర్క్ గ్రీకు తత్వవేత్త ప్లేటో చెప్పిన ఐదు ఘనరూపాలు పెట్టాడు. ఒక్కోటి ఒక్కోదానికి గుర్తు: నిప్పు, నీరు, గాలి, నేల, వాటన్నిటినీ కలుపుకున్న విశ్వం. మన పంచభూతాలు చదువుకున్న నీకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

తిరుగు రైల్లో ఒక్క స్టేషన్ వెనక్కి వస్తే స్టాడియోన్. నీలం రాతి గుహలో ఇంద్రధనుస్సు ఉంటుంది. భూమి లోపల ఉన్నవాళ్లకు పైన ఆకాశం ఉందని గుర్తుచేయడానికి గీశారు. 1912 ఒలింపిక్స్ జరిగిన స్టేడియం దాని పక్కనే.

అసలు ఇవి గుహల్లా ఎందుకున్నాయంటే, ఊరి కింద గట్టి రాయి. మందుగుండుతో పేల్చి తొలిచాక గోడల్ని చదును చేయకుండా, ఆ ఎగుడుదిగుళ్ల మీదే కాంక్రీటును పలచగా పిచికారీ చేసి, దాని మీద రంగులు వేశారు. దగ్గరికెళ్లి చూస్తే రాయి ఒంపులన్నీ తెలుస్తాయి.

మళ్లీ అదే ఎరుపు లైన్లో వెళ్లి, లైన్లన్నీ కలిసే టీ-సెంట్రాలెన్‌లో దిగి బయటికొచ్చి ఏదైనా తినండి. నీలం లైనుకు రెండో టికెట్ పెట్టుకుంటే తొందర ఉండదు. ఆ ప్లాట్‌ఫారం బాగా లోతున ఉంటుంది. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి, ఎడమవైపు నడిచేవాళ్లకు వదలాలి. కింద పెర్ ఊలోఫ్ ఉల్ట్‌వెడ్ తెల్లటి కప్పు మీద నీలి తీగలు గీశాడు. అందరూ వాటినే ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు మాత్రం ఆ స్టేషన్ కట్టిన కూలీల నీడబొమ్మలున్న కమాను వెతుకు. పని చేసినవాళ్లను గోడకెక్కించడం నాకు ఈ మెట్రో మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

అక్కడ 11వ నంబరు, అకల్లా వెళ్లే రైలు ఎక్కండి. 10 ఎక్కితే వెస్ట్రా స్కూగెన్ తర్వాత దారి మారిపోతుంది. సోల్నా సెంట్రుమ్‌లో ఎర్రటి ఆకాశం, కింద కిలోమీటరు పొడవున పచ్చటి అడవి కనిపిస్తాయి. అందం చూసి ఆగిపోకండి, గోడ వెంట నడవండి. అడవులు నరకడం, పల్లెలు ఖాళీ కావడం, 1970ల నాటి స్వీడన్ కష్టాలన్నీ ఆ బొమ్మల్లో ఉన్నాయి.

చివరికి అదే లైన్లో వెనక్కి, ఆఖరి స్టేషన్ కుంగ్స్‌ట్రేడ్‌గోర్డెన్‌కు. నేలకు 34 మీటర్ల లోతు. పైన ఒకప్పుడుండి, 1825లో కాలిపోయిన మకలోస్ భవనాన్ని గుర్తుచేసే శిల్పాలు గోడల దగ్గర ఉంటాయి. రాతి నుంచి ఊట నీరు జారుతూ ఉంటుంది, చెప్పులు జాగ్రత్త. రైలు వస్తుంటే ఫ్లాష్ వేయొద్దు, డ్రైవరు కళ్లల్లో పడుతుంది. బయటికొస్తే పాత ఊరి మీదుగా స్లుస్సెన్‌కు అరగంట నడక.

గడియారం సంగతి మరచిపోకు. ఇలాంటి ఓడలు ఆగే హెల్సింకి, టాలిన్‌లలో టైము స్టాక్‌హోమ్ కన్నా గంట ముందు. ఫోన్ తనంతట తాను మారిపోతుంది, ఓడ గడియారం మారకపోవచ్చు. దిగే ముందు మెట్ల దగ్గర రాసి ఉన్న ఆఖరి టైము ఓడ గడియారం ప్రకారమో, ఊరి గడియారం ప్రకారమో అడిగి, చేతి గడియారాన్ని దానికి సరిచేసుకో. ఆ టైముకు గంట ముందే రేవులో ఉండండి. నీనెస్‌హామ్న్ అయితే రెండు గంటల ముందే ఊళ్లో రైలెక్కాలి.

ఇట్లు,
నాన్న