చూశామని రాస్తే చాలదు, కనపడలేదనీ రాయాలి

సంపాదకులకు నమస్కారం.

అరుదైన పక్షి కనపడిందనో, తాబేలు దొరికిందనో మీరు ఫొటోతో వార్త వేస్తుంటారు, ఇష్టంగా చదువుతాను. కానీ ఎప్పుడు చూశారు, ఎన్ని ఉన్నాయి, ఆ వివరం ఎక్కడైనా నమోదైందా అన్నది చాలాసార్లు ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

పద్దెనిమిదేళ్లుగా పక్షులు చూస్తున్నాను. మొన్న ఒక పాత డైరీ తీస్తే "చెరువు గట్టు, రెండు, దగ్గరగా కనపడ్డాయి" అని ఉంది. ఏ చెరువో లేదు, ఏ ఏడాదో లేదు. అంతకన్నా బాధ ఏంటంటే, మూడు గంటలు తిరిగినా ఏమీ కనపడని రోజుల గురించి నేను అసలు రాసుకోనేలేదు, ఒక జాతి తగ్గిపోతోందా లేదా అన్నది ఆ ఖాళీ రోజులు కూడా లెక్కలో ఉంటేనే తేలుతుంది.

కలివికోడి అనే అరుదైన పక్షినే చూడండి. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనపడక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. అక్కడివాళ్లకు అది తెలుసు, పేరు కూడా వాళ్లు పెట్టుకున్నదే, ఆ తెలిసింది కాగితం మీదకు రాలేదంతే. సరే, దొరికాక అయినా కుదుటపడిందా అంటే, 2005లో కాలువ తవ్వకాలు అది తిరిగే పొదల దాకా వచ్చేశాయి. సమాచారం ఉండటం ఒకటి, తవ్వే ముందు అది అనుమతిచ్చేవాళ్ల బల్ల మీద ఉండటం ఇంకొకటి.

అన్నీ బయటపెడితే వేటగాళ్లకు దారి చూపించినట్టే కదా అంటారు. నిజమే, ఆ భయం ఉత్తది కాదు. 1999లో చైనాలో కొత్తగా గుర్తించిన గొనియూరోసారస్ లూయీ అనే బల్లిని పెంపకానికి అమ్ముకునేవాళ్లు ఎంతగా పట్టేశారంటే, మొదట దొరికిన చోటే అది లేకుండా పోయింది. అందుకే, చూసిన జీవుల వివరాలు ఎవరైనా నమోదు చేసుకునే ఐనాచురలిస్ట్ లాంటి ఆన్‌లైన్ వేదికలు ప్రమాదంలో ఉన్న జాతి కచ్చితమైన చోటు అందరికీ చూపించవు, చుట్టుపక్కల ప్రాంతం వరకే చూపిస్తాయి. చోటు దాచొచ్చు. తేదీ, సంఖ్య, ఏం చేస్తూ కనపడింది, ఇవన్నీ దాచడం దేనికి? ఒక గుట్ట మీద జీవుల సర్వే చేసినవాళ్లను వివరాలు అడిగితే రిపోర్టు అచ్చయ్యాక ఇస్తామన్నారు, నాలుగేళ్లయింది. ఈలోపు ఆ గుట్ట మీద క్వారీ వస్తే ఆ రిపోర్టు ఎవరికోసం?

ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ) ఎర్ర జాబితాలో 'సమాచారం చాలదు' అని ఒక వర్గం ఉంది. అందులో ఉన్న జీవికి ఢోకా లేదని చాలామంది అనుకుంటారు, దాని అర్థం అది కాదు, ఆ జీవి ఏ స్థితిలో ఉందో తేల్చడానికి సరిపడా వివరాలు లేవని.

మీకు ఒక్క విన్నపం. ఇకపై ఇలాంటి ఫొటో వేసేటప్పుడు తేదీ, ఎన్ని కనపడ్డాయో వేయండి, చోటు మాత్రం వద్దు. పంపినవాళ్లను ఎక్కడైనా నమోదు చేశారా అని అడగండి. నా డైరీల్లో తేదీ, చోటు ఉన్న పేజీలన్నీ నేనూ అలా నమోదు చేయడం మొదలుపెట్టాను, రెండు డైరీలు పూర్తయ్యాయి.

ఇట్లు,
మీ పాఠకుడు