దేవూ పెట్టింది డబ్బు కాదు

ఒరేయ్ శ్రీనూ,

విదేశీ పెట్టుబడి ఎన్ని వేల కోట్లు వచ్చిందో చూస్తే దేశం ఎదుగుతుందో లేదో తెలిసిపోతుందన్నావు. అది నాకు మింగుడు పడలేదురా. బంగ్లాదేశ్ బట్టల పరిశ్రమ సంగతి చూడు.

ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు రానివ్వాలో చెప్పే కోటాల్ని అమెరికా బిగించాక, కొరియాలో కుట్టిన బట్టలకి దారి ఇరుకైపోయింది. కోటా లేని చోటు వెతుక్కుంటూ కొరియా కంపెనీ దేవూ 1978లో చిట్టగాంగ్‌లోని దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుంది. వాటా ఏమీ పెట్టలేదు. పని నేర్పాలి, సరుకు అమ్మిపెట్టాలి, అమ్మకాల మీద 8 శాతం తీసుకోవాలి, అంతే. 1979లో దేశ్ నుంచి 130 మంది కొరియాలోని బూసాన్ వెళ్లి ఆరు నెలలు పని నేర్చుకొచ్చారు. 1987 కల్లా వాళ్లలో 115 మంది బయటికెళ్లిపోయారు. కొందరు సొంతంగా ఫ్యాక్టరీలు పెట్టారు, కొందరు పక్కవాళ్ల దగ్గర చేరారు. దేశ్ కంపెనీకి దెబ్బే, కానీ పరిశ్రమ అలాగే పాకింది.

పని వస్తే సరిపోదుగా, గుడ్డ కొనడానికి డబ్బేది? అక్కడే బ్యాక్ టు బ్యాక్ ఎల్‌సీ ఆదుకుంది. ఎల్‌సీ అంటే లెటర్ ఆఫ్ క్రెడిట్, సరుకు పంపిన కాగితాలు చూపిస్తే డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ. లక్ష డాలర్ల చొక్కాలకి విదేశీ కొనుగోలుదారు ఎల్‌సీ తెరిచాడనుకో. దాన్నే హామీగా పెట్టుకుని, బంగ్లాదేశ్ బ్యాంకు గుడ్డ అమ్మేవాడి పేర 70 వేలకి ఇంకో ఎల్‌సీ తెరుస్తుంది, మూడు నాలుగు నెలల గడువుతో. గుడ్డ సుంకం లేకుండా బాండెడ్ గోదాములోకి, అంటే ఎగుమతికి వాడే సరుకునే ఉంచాల్సిన గోదాములోకి చేరుతుంది. చొక్కాలు ఓడెక్కి డబ్బు రాగానే బ్యాంకు ముందు గుడ్డ బాకీ పట్టుకుంటుంది. మిగిలిన 30 వేలల్లోనే జీతాలు, కరెంటు, లాభం.

తేడా ఎక్కడొస్తుందంటే, ఓడరేవులో గుడ్డ ఆగిపోయి షిప్‌మెంట్ తేదీ తప్పితే కొనేవాడు విమానంలో పంపమంటాడు. ఆ కిరాయికి లాభమంతా ఎగిరిపోతుంది. సరుకు వెళ్లకపోయినా రెండో ఎల్‌సీ గడువు ఆగదు. బ్యాంకు కట్టేసి, ఆ మొత్తాన్ని ఫ్యాక్టరీ పేర అప్పుగా రాసుకుంటుంది. ఇక డజను చొక్కాలకి ఎన్ని గజాలు పడుతుందో, ఎంత వృథా పోతుందో ఎక్కువ చేసి చూపించి, మిగిలిన గుడ్డ ఢాకా ఇస్లాంపూర్ బజారుకి తోసేవాళ్లూ ఉన్నారు. సుంకం కట్టి తెచ్చుకునే వ్యాపారి, స్థానికంగా నేసేవాడు, ఇద్దరూ ఆ ధరకి నిలబడలేరు.

నాకు కష్టంగా ఉండేదేంటంటే, ఈ ఎల్‌సీ, గోదాము సదుపాయాల తలుపు బట్టలకి తెరిచినంత బార్లా మిగతా పరిశ్రమలకి తెరవలేదు. ఎగుమతుల్లో 80 శాతం పైగా ఇప్పటికీ బట్టలే కావడానికి అదీ ఒక కారణం. పని పెరిగినంతగా భవనాల తనిఖీ పెరగలేదు కూడా. 2013లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ఎగుమతి లెక్కలు చూసేటప్పుడు దాన్ని మర్చిపోకూడదురా.

పెనుకొండ దగ్గర కియాలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయిగా. అక్కడ పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లు సొంతంగా విడిభాగాల యూనిట్లు పెట్టారా, పెడితే బ్యాంకు వాళ్లకి దేని మీద అప్పిచ్చింది? మీ బావగారు అటువైపే కదా, కనుక్కుని రాయి.

నీ
రమణ