వైజాగ్ కాలనీలో సముద్రం లేదు: పడవ మోటారు కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

నమస్కారం. ఇది నా మొదటి ఫిర్యాదు కాదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "మీ ఫిర్యాదు మాకు చాలా ముఖ్యం" అని మీ రికార్డింగ్ చెప్తూనే ఉంది కాబట్టి పాతవన్నీ ఎక్కడో భద్రంగానే దాచి ఉంటారు.

మోటారు రోగం రెండు ముక్కల్లో చెప్తాను. మీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే మోటారు) స్టార్ట్ అవుతుంది, నెమ్మదిగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, థ్రాటిల్ సగం తిప్పగానే దగ్గి ఆగిపోతుంది. చోక్ కొంచెం లాగితే మళ్లీ నడుస్తుంది. వారంటీ ఇంకా ఉంది. ఇక మీ సంగతికి వస్తాను.

తెలుగుకు రెండు నొక్కమన్నారు, నొక్కాను. హిందీలో ఒకాయన వచ్చి గాడీ నంబర్ అడిగాడు. బండి కాదు సార్, పడవ మోటారు అన్నాను. కాసేపు ఆలోచించి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నాడు. ఆయన్ని దాటుకుని వెళ్తే తెలుగమ్మాయి దొరికింది. మర్యాదగానే మాట్లాడింది, కానీ పాపం ఆమె చేతిలో ఒకే కాగితం ఉన్నట్టుంది. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ వదులు చేశారా సార్? చేశానమ్మా. ఫిల్టర్ చూశారా? చూశాను. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయా? కార్బ్యురేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ బౌల్, విప్పి చూశాం, లేవు. పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం, మెయిన్ జెట్ కూడా కడిగాం. అలాగా సార్, ఒకసారి ట్యాంకు మూత మీద గాలి స్క్రూ వదులు చేసి చూడండి.

అసలు కథ అడ్రస్ దగ్గర మొదలైంది. మాది నల్గొండ జిల్లా, నేరేడుగొమ్ము మండలం, వైజాగ్ కాలనీ. నాగార్జునసాగర్ వెనక నీళ్ల ఒడ్డు. ఎప్పుడో వైజాగ్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ల వల్ల ఆ పేరు. మీవాళ్లు ఆ ఒక్క పదం చూసి నా ఫిర్యాదును విశాఖపట్నం సర్వీస్ సెంటర్‌కు పంపారు. వాళ్లు మోటారు చూడకుండానే "ఉప్పునీళ్ల వల్ల కార్బ్యురేటర్ పాడైంది, వారంటీ వర్తించదు" అని రాసేశారు! అయ్యా, మా దగ్గర ఉన్నది కృష్ణ నీళ్లు. ఇదే రిజర్వాయర్ నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా హైదరాబాద్ నల్లాలకు పంపుతున్నారు. మీ హైదరాబాద్ డీలర్ పొద్దున్నే చాయ్ పెట్టుకునేది ఆ ఉప్పునీళ్లతోనే.

ఆ డీలర్ సంగతీ చెప్పాలి. బిల్లు రాసేటప్పుడు "అన్నా, ఏమున్నా నాకు ఫోన్ కొట్టు" అన్న మనిషి, ఇప్పుడు ఫోన్ కొడితే అది కంపెనీ చూసుకోవాలంటాడు. కంపెనీని అడిగితే డీలర్ అంటుంది. ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించారు, మోటారు మాత్రం నీళ్లలోకి దిగలేదు.

చివరికి రోగం కనిపెట్టింది దేవరకొండలో బైకులు బాగుచేసే పిల్లాడు. స్పార్క్ ప్లగ్ విప్పి చూపించాడు, కొస తెల్లగా పాలిపోయి ఉంది. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అన్నాడు. కార్బ్యురేటర్ అతుకు చుట్టూ చిక్కటి గ్రీజు పూసి థ్రాటిల్ ఇచ్చాడు. కాసేపు మోటారు ఆగలేదు. "గ్యాస్కెట్ దగ్గర గాలి గుంజుతుందన్నా, ఒరిజినల్ ముక్క తెప్పియ్యి" అన్నాడు. గ్యాస్కెట్ అంటే ఆ అతుకులో గాలి దూరకుండా పెట్టే పల్చటి ముక్క. ఇది మీకు ఫోటోలతో సహా మెయిల్ చేశాను. మీ జవాబు: "అనధికార మెకానిక్ ముట్టుకున్నందున పరిశీలిస్తున్నాం, అంతవరకు చోక్ లాగి వాడుకోగలరు." టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసే లోపలికి వెళ్తుంది. గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గినట్టే, పిస్టన్ పట్టేస్తుంది. చోక్ తో తోసుకుంటూ ఎన్నాళ్లు తిరగాలి? ఇంజిన్ తయారుచేసినవాళ్లకు ఇది నేను చెప్పాలా?

పుట్టీల్లో (గుండ్రటి చిన్న పడవల్లో) వేటాడేవాళ్ల దగ్గర బొచ్చె, రవ్వ చేపలు ఎత్తి ఎండెక్కకముందే గట్టుకు చేర్చే పడవ మాది. నీళ్ల మధ్యలో ఆగిపోతే ఐస్ కరుగుతుంది, బేరగాడు వెళ్లిపోతాడు. అలా తెడ్డు వేసుకుంటూ వస్తున్నప్పుడే గట్టు దగ్గర సిగ్నల్ తగిలి మీ మెసేజ్ వచ్చింది: "కస్టమర్ అందుబాటులో లేనందున ఫిర్యాదు ముగించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

మా నాన్న కాలం నుంచి మా ఇంట్లో మీ కంపెనీ మోటారే. గట్టు మీద ఎవరు అడిగినా మీ పేరే చెప్పాను, నా మాట మీద కొన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఇప్పుడు ఈ కథంతా పూస గుచ్చినట్టు చెప్తున్నాను.

గ్యాస్కెట్ పంపితే సరిపోయే రోజులు దాటిపోయాయి. ఒక మనిషి ఇక్కడికి వచ్చి మోటారు చూడాలి, ఉప్పునీళ్లని రాసిన కాగితం వెనక్కి తీసుకోవాలి, కొత్త కార్బ్యురేటరో కొత్త మోటారో మీరే తేల్చాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, అక్కడ తెలుగు అడిగితే తెలుగే వస్తుంది. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వస్తువుకు కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వాయిదాలకు మీవాళ్లే నల్గొండ రావాలి. దారిలో సముద్రం కనిపిస్తే నాకూ చూపించండి.

ఫోన్ చేసేదుంటే చీకటి పడ్డాక చేయండి, పగలు నీళ్ల మీద సిగ్నల్ ఉండదు. ఈ మాటా మీకు ఇదివరకే చెప్పాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
వైజాగ్ కాలనీ, నేరేడుగొమ్ము మండలం, నల్గొండ జిల్లా (విశాఖపట్నం కాదు)