తొట్టి కొన్న రోజే చేపలు కొనకండి

సంపాదకులు గారికి నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే విశాఖలో అక్వేరియం షాపుల దగ్గర పిల్లల సందడి మొదలవుతుంది. బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అక్వేరియం చూసొచ్చిన పిల్లవాడు ఇంట్లోనూ అలాంటిది కావాలని పేచీ పెడతాడు, తండ్రి కాదనలేడు. సాయంత్రం వెళ్లి తొట్టి, రంగురాళ్లు, మోటారు, అయిదారు గోల్డ్‌ఫిష్‌లు అన్నీ ఒకేసారి కొనేసి రాత్రికల్లా హాల్లో లైటు వెలిగిస్తారు. వారం పది రోజుల్లో చేపలు ఒక్కొక్కటే చచ్చి పైకి తేలతాయి. పిల్లలు ఏడుస్తారు. "మన ఇంటికి చేపలు అచ్చిరావు" అని పెద్దవాళ్లు తొట్టిని అటకెక్కించేస్తారు. బతకాల్సిన చేపలు అన్యాయంగా చచ్చిపోతున్నాయన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మల్కాపురంలో మా వీధి పిల్లలకు అక్వేరియం తొట్లు చేసిపెడుతుంటాను. తొట్టి చేయడం ఎంతో కష్టమని అందరూ అనుకుంటారు గానీ ఓపిక ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టికి 6 మిల్లీమీటర్ల అద్దం బాగా సరిపోతుంది. అయిదు ముక్కలు కావాలి. అడుగున ఒకటి, దాని మీద నిలబడేవి నాలుగు. ముందు వెనక అద్దాల మధ్యలో ఇరుక్కునే పక్క అద్దాలను నిండు అడుగు, అంటే 305 మిల్లీమీటర్లు, కోయించకూడదు. రెండు అద్దాల మందం, అతికించే సిలికాన్ కోసం అటూ ఇటూ ఒక్కో మిల్లీమీటరు తీసేసి 291 మిల్లీమీటర్లకు కోయించాలి. షాపువాడు "అడుగే కదండీ" అంటాడు. మీరు మాత్రం కాగితం మీద కొలత రాసి ఇవ్వండి. అంచులు గ్రైండింగ్ చేయించడం మర్చిపోవద్దు, పిల్లల చేతులు తెగుతాయి.

సిలికాన్ విషయంలో జాగ్రత్త. బాత్‌రూమ్‌కి వాడే రకంలో బూజు పట్టకుండా మందు కలుపుతారు, ఆ మందు చేపలకు విషం. అక్వేరియంకి పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్నదే తీసుకోవాలి. పూసే ముందు అంచుల్ని స్పిరిట్‌తో తుడిచి, వేలిముద్ర పడకుండా పట్టుకోవాలి. అద్దాన్ని మరీ గట్టిగా నొక్కితే సిలికాన్ అంతా బయటికి వచ్చేసి అద్దానికి అద్దం తగులుతుంది. అలాంటి అతుకు నిలవదు, మధ్యలో సన్నటి పొర మిగలాలి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఈ సిలికాన్ గాల్లో తేమను పీల్చుకునే గట్టిపడుతుంది, మన విశాఖలో దానికి కొదవేముంది! అయినా వారం రోజులు కదపకుండా ఉంచమనే చెబుతాను.

ఓడలో ట్యాంకు కట్టాక లోపలికి గాలి ఎక్కించి, వెల్డింగుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయేమో చూసేవాళ్లం. పరీక్ష పెట్టకుండా ఏ ట్యాంకునూ నమ్మేవాళ్లం కాదు. అక్వేరియం తొట్టికీ పరీక్ష ఉండాల్సిందే. వరండాలో సమంగా ఉన్న చోట కింద పాత న్యూస్‌పేపరు పరిచి, నిండా నీళ్లు పోసి రెండు రోజులు వదిలేయండి. చుక్క కారినా పేపరు మీద మరక కనబడుతుంది. ఈ తొట్టి నిండితే 53 లీటర్ల దాకా పడతాయి. అద్దం, గులకరాళ్లు కలుపుకుంటే బరువు 70 కిలోల దాకా ఉంటుంది. టీవీ స్టాండు మీద పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. కింద థర్మకోల్ షీటు వేస్తే అడుగు అద్దం మీద బరువు ఒకేచోట పడదు.

ఇక అసలు విషయం. చేప విసర్జించేదీ, తినకుండా వదిలేసిన మేతా నీళ్లలో అమ్మోనియాగా మారుతుంది. నీళ్లు చూడ్డానికి తేటగానే ఉంటాయి, చేప మాత్రం మొప్పలు కాలి ఊపిరాడక పైకొచ్చి నోరు తెరుస్తుంది. పాత తొట్టిలో నీళ్లు వడకట్టే ఫిల్టరు స్పాంజిని, రాళ్లను అంటిపెట్టుకుని ఒకరకం బ్యాక్టీరియా ఉంటుంది. అది అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. దాన్ని ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది చేపకు అంత హాని చెయ్యదు, వారం వారం కొంత నీరు మార్చుకుంటే సరిపోతుంది. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందాకా స్పాంజి ఫిల్టరు నడుపుతూ, తొట్టిలో చేపలు లేకపోయినా సరే రోజూ చిటికెడు మేత వేస్తుండాలి, ఆ బ్యాక్టీరియాకు అదే తిండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు తేవాలి. తెలిసినవాళ్లింట్లో ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఉంటే దాని స్పాంజి ఒకటి అడిగి తెచ్చుకోండి, పని త్వరగా అవుతుంది. మా వీధిలో స్పాంజి ఇల్లిల్లూ తిరుగుతుంది.

ఇంత కష్టపడి పెంచుకున్న బ్యాక్టీరియాను చాలామంది ఆదివారం పూట తమ చేతుల్తోనే చంపేస్తారు. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు సబ్బుతో తోమి, స్పాంజిని కుళాయి కింద పిండేస్తారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, చేపకు మాత్రం మళ్లీ మొదటి రోజే. వారానికి నాలుగో వంతు నీళ్లు తీసి కొత్తవి పోస్తే చాలు. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి బకెట్‌లో పట్టి ఒక రోజు ఉంచి పోయండి. సముద్రానికి దగ్గరలో ఉండేవాళ్లు బోరు నీళ్లు నోట్లో వేసుకుని చూడండి, ఉప్పగా ఉంటే ఈ చేపలకు వాడొద్దు. ఆర్కే బీచ్‌లో ఏరుకొచ్చిన ఇసుక, గవ్వలు, శంఖాలు తొట్టిలో అలంకారానికి వేస్తుంటారు. గవ్వలో ఉండేది సున్నమే. అది కొద్దికొద్దిగా కరుగుతూ నీటి గుణాన్నే మార్చేస్తుంది.

మన ఊళ్లో హీటరు అక్కర్లేదు. మన బాధల్లా వేడి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఏడున్నరకు మించదు. చల్లటి నీళ్లు కోరుకునే గోల్డ్‌ఫిష్‌ను మే నెలలో గాజు గిన్నెలో పెట్టడం దాన్ని హింసించడమే. పైగా అది అరచేతి కన్నా పెద్దదవుతుంది. మొదటిసారి పెంచేవాళ్లు జీబ్రా చేపలు ఆరో ఎనిమిదో తెచ్చుకోండి, రెండు విడతలుగా. మన దేశపు వాగుల్లో పుట్టిన చేప అది, మన వేడి దానికి అలవాటే. గప్పీలూ బాగుంటాయి, కాకపోతే నెల నెలా పిల్లల్ని పెడతాయి. అంత సంతతి వద్దనుకుంటే మగవాటినే అడిగి తీసుకోండి. గాలి మోటారు మాత్రం నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు ట్యూబులోంచి నీళ్లు వెనక్కి వచ్చి మోటారునూ, గచ్చునూ ముంచుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు మేత పూర్తిగా మానేసి, మగ్గుతో నీళ్లు తీసి పైనుంచి పోస్తూ చేపల్ని కాపాడుకున్నాం. చేప కొద్ది రోజులు తిండి లేకుండా ఉండగలదు, గాలి లేకుండా ఉండలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. తొట్టి అద్దం శుభ్రం చేస్తుందని షాపుల్లో సక్కర్ చేప ఒకటి అంటగడతారు. చిన్నప్పుడు వేలంతే ఉంటుంది, పెరిగితే అడుగు దాటుతుంది. తొట్టి పట్టక, చంపడానికి మనసొప్పక, పుణ్యం వస్తుందని చెరువులోనో గెడ్డలోనో వదిలేస్తారు. దాని ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు. గాలి కూడా పీల్చుకుని బతకగలదు కాబట్టి ఎక్కడ వేసినా చావదు. వలల్ని చింపేస్తుంది, మన చేపల తిండి తినేస్తుంది. తూర్పు కనుమల నీళ్లలోనూ ఇది చేరిపోయిందని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లోని డీఎన్‌ఏతో గుర్తించారు. ముడసర్లోవ, మేహాద్రిగెడ్డ మన ఊరి దాహం తీర్చే జలాశయాలు. వాటిలో ఏ అక్వేరియం చేపనూ వదలొద్దని తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నాను. పెంచలేకపోతే కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి.

షాపుల యజమానులకు నాదొక విన్నపం. తొట్టి అమ్మిన రోజు చేపలు అమ్మకండి. ఫిల్టరు, రాళ్లు, మేత ఇచ్చి, ఇంట్లో ఏం చేయాలో ఒక కాగితం మీద రాసిచ్చి, "నెల తర్వాత నీళ్లు సీసాలో పట్టి తీసుకురండి, పరీక్ష చేసి చేపలిస్తాం" అనండి. మీ వ్యాపారం ఎక్కడికీ పోదు. చేపలు బతికిన ఇంటివాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు. పుట్టినరోజు పార్టీల్లో రిటర్న్ గిఫ్టుగా ప్లాస్టిక్ కవర్లో చేపలు పంచే అలవాటు ఒకటి ఈమధ్య మొదలైంది. వాటికి ఆర్డర్లు తీసుకోవడం దయచేసి ఆపేయండి. ఆ కవరు తీసుకెళ్లే పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో తొట్టే ఉండదు.

మీ పత్రిక పిల్లల పేజీలో ఈ అమ్మోనియా సంగతి బొమ్మతో సహా ఒకసారి వేయగలిగితే ఈ సెలవుల్లోనే చాలా ఇళ్లకు పనికొస్తుంది.

ఇట్లు,
రిటైర్డ్ షిప్‌యార్డ్ ఫిట్టర్,
మల్కాపురం, విశాఖపట్నం