‘లేదు’ వేరు, ‘తేలలేదు’ వేరు అని చెప్పినవాళ్లకు

అందరికీ నమస్కారం. ఈ మాట ఎప్పుడో రాయాల్సింది. స్కాన్ రిపోర్టు చేతికొచ్చేదాకా చెయ్యాడలేదు.

అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజి. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. ఆ మాట వినగానే ఈ గ్రూపులో ఒక అక్క నన్ను ఆపి, "అడినోకార్సినోమా అంటున్నావు, సిగరెట్ అలవాటు లేదంటున్నావు. ఈజీఎఫ్ఆర్ చూశారా?" అని అడిగారు. అడినోకార్సినోమా అంటే క్యాన్సర్‌లో ఒక రకం. ఈజీఎఫ్ఆర్ ఒక జన్యువు; కణితిలో ఆ జన్యువు మారి ఉంటే (దాన్నే మ్యుటేషన్ అంటారు) దానికి తగ్గ మాత్ర ఉంటుంది. చూశారు, ఏమీ రాలేదన్నాను. రిపోర్టు ఫోటో పెట్టమన్నారు. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న లైను ఆవిడే నాతో చదివించారు: పరీక్షకు కణజాలం సరిపోలేదు. బయాప్సీలో తీసిందే నువ్వుగింజంత. ఏ రకం క్యాన్సరో తేల్చేసరికే అది అయిపోయింది. మ్యుటేషన్ లేదని కాదు, తేలలేదని! ఈ తేడా మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదులెండి.

మళ్లీ సూది అనేసరికి అమ్మ వణికిపోయింది. అప్పుడు ల్యాబ్‌లో పనిచేసే ఒక తమ్ముడు, కణితి నుంచి రాలిన డీఎన్ఏ తునకలు రక్తంలో తిరుగుతుంటాయని, వాటిని వెతికే లిక్విడ్ బయాప్సీ గురించి డాక్టర్ గారిని అడగమని చెప్పాడు. "కానీ అక్కా, రక్తంలో దొరక్కపోతే లేనట్టు కాదు. మళ్లీ ముక్క తీయాల్సిందే" అని కూడా ముందే చెప్పాడు. ఆ రెండో మాటకే ఎక్కువ రుణపడి ఉన్నాను.

రక్తంలోనే దొరికింది. ఎగ్జాన్ 19 డిలీషన్, అంటే ఆ ఈజీఎఫ్ఆర్ జన్యువులో ఒక చిన్న ముక్క ఎగిరిపోవడం.

డాక్టర్ గారికి థాంక్స్‌తో పాటు సారీ కూడా చెప్పాలి. రిపోర్టు రాకముందే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) మొదలుపెట్టమని టెన్షన్‌లో రోజూ ఆయన ప్రాణం తీశాను. ఆయన కదల్లేదు. అది ఎక్కించిన వెంటనే ఈ మ్యుటేషన్‌కిచ్చే ఓసిమెర్టినిబ్ మాత్రకు మారితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు అమ్మ రోజుకొక ఓసిమెర్టినిబ్ మాత్ర వేసుకుంటోంది, 80 మిల్లీగ్రాములు. దాని ప్రభావానికి గోళ్ల అంచులు వాచి గుండీలు పెట్టుకోలేకపోతోంది, నేనే పెడుతున్నాను. ఎప్పుడో ఒకప్పుడు కణితి ఈ మందుకు లొంగడం మానేయొచ్చని, అప్పుడు మళ్లీ టెస్టులు చేయాలని డాక్టర్ గారు దాచకుండా చెప్పారు. ప్రస్తుతానికి మొన్నటి స్కాన్‌లో కణితి బాగా తగ్గింది.

రాత్రిళ్లు దగ్గు లేదు. నిన్న ఆ నిశ్శబ్దానికే భయమేసి, లేచి వెళ్లి ఊపిరి ఆడుతోందా అని వంగి చూశాను. "పోయి పడుకోవే" అంది అమ్మ, కళ్లు తెరవకుండానే.