రాత్రి మనిషి లేని షెల్టర్లు

సంపాదకులకు,

పట్టణ నిరాశ్రయుల షెల్టర్లను స్వచ్ఛంద సంస్థలకు అప్పగించాక ఖర్చుల లెక్క ఎవరికీ పట్టడం లేదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు 50 మంది ఉండే షెల్టర్ నిర్వహణకు ఏడాదికి 6 లక్షలు నిర్ణయించాయి. అంటే నెలకు 50 వేలు. మేనేజరు ఒకరు, ఎనిమిది గంటల షిఫ్టులకు కేర్‌టేకర్లు ముగ్గురు. తలా 10 వేలిచ్చినా 40 వేలు అక్కడికే సరి. కరెంటు, దుప్పట్ల ఉతుకు, ఫినాయిలు, మోటారు రిపేరు అన్నీ మిగిలిన పది వేలలోనే!

మున్సిపాలిటీ ఇచ్చే ఆ సొమ్మూ నెలల తరబడి ఆగితే మొదట మానేసేది రాత్రి కేర్‌టేకరే. రాత్రి మనిషి లేకపోతే ఆడవాళ్లు రారు, తాగొచ్చినవాళ్లను ఆపేవారుండరు, చివరికి పదింటికే తాళం పడుతుంది. పెళ్లిలో వడ్డన ముగించుకుని అర్ధరాత్రి వచ్చే కూలీకి ఫుట్‌పాతే గతి. లాకర్లు లేకపోతే మూట పోతుందన్న భయంతో కొందరు లోపలికే రారు.

ఆధార్ లేదని తిప్పి పంపడం మరీ అన్యాయం. గుర్తింపు కార్డు, రేషన్, పింఛను ఇప్పించడమూ షెల్టర్ పనేనని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

మూడు నెలల సొమ్ము మున్సిపాలిటీలు ముందే జమ చేయాలి. తనిఖీలకు పగలు కాదు, రాత్రి పదకొండు తర్వాత రావాలి.

– షెల్టర్ నిర్వాహకులు, హైదరాబాద్