డబ్బా మీద ‘మూడ్’ అని రాస్తే సరిపోతుందా?

సంపాదకులకు,

పేగుల్లోని బాక్టీరియాకూ ఆడవాళ్ళ డిప్రెషన్‌కూ ఉన్న సంబంధం గురించి ఈమధ్య మీ పత్రికతో సహా చాలాచోట్ల కథనాలు వస్తున్నాయి. అది కొట్టిపారేయాల్సిన విషయమేమీ కాదు. అయితే ఆ కథనాల వెనకే ప్రోబయోటిక్ క్యాప్సూళ్ళ, అంటే మేలు చేస్తాయంటూ బతికున్న బాక్టీరియాను నింపి అమ్మే మాత్రల, ప్రకటనలు కూడా తయారవుతున్నాయి. మందుల లేబుళ్ళు చదవడమే పనిగా ఉన్న ఫార్మసిస్టుని కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ముందు పరిశోధనకు దక్కాల్సిన గౌరవం దక్కాలి. చైనాలోని వుహాన్ పరిశోధకులు 2023లో ‘సెల్ మెటబాలిజం’ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇంకా ముట్లుడగని వయసు స్త్రీలలో డిప్రెషన్ ఉన్న 91 మందినీ, లేని 98 మందినీ పోల్చి చూస్తే, డిప్రెషన్ ఉన్నవాళ్ళ రక్తంలో ఎస్ట్రాడయోల్ అనే స్త్రీ హార్మోను 43 శాతం దాకా తక్కువగా ఉంది. ఈ హార్మోను కొంత పిత్తరసంతో పాటు పేగుల్లోకి దిగి, అక్కణ్ణుంచి మళ్ళీ రక్తంలోకి చేరుతుంది. ఆ దారిలో కాపుకాసిన దొంగలాగా క్లెబ్సియెల్లా ఏరోజీన్స్ అనే బాక్టీరియా ఒక ఎంజైముతో దాన్ని విచ్ఛిన్నం చేస్తోందని వాళ్ళు కనిపెట్టారు. ఆ బాక్టీరియాను ఎలుకలకు పట్టించారు. వాటి రక్తంలోనే కాదు, మెదడులో కూడా హార్మోను తగ్గింది. కుంగుబాటును పోలిన ప్రవర్తన కనబడింది. అదే ఎంజైమును తయారుచేసేలా మార్చిన ఈ-కొలై అనే మరో బాక్టీరియాను ఇచ్చినా ఇదే జరిగింది. పని చాలా పకడ్బందీగా చేశారు.

కానీ కుంగుబాటు లక్షణాలు పుట్టించింది ఎలుకల్లో. మనుషుల్లో చూసింది ఆ బాక్టీరియా, డిప్రెషన్ రెండూ కలిసి ఉన్నాయని మాత్రమే. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి తిండి, నిద్ర రెండూ తారుమారవుతాయి. వాటితో పేగుల్లోని బాక్టీరియా కూడా మారుతుంది. వాడే మందుల ప్రభావం సరేసరి. 2018లో యూరప్ పరిశోధకులు వెయ్యికి పైగా మందుల్ని పరీక్షిస్తే, యాంటీబయాటిక్స్ కానివాటిలో 24 శాతం కనీసం ఒక రకం పేగు బాక్టీరియా పెరుగుదలను అడ్డుకున్నాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తేల్చకుండా ‘మీ దిగులుకు కారణం మీ పొట్టే’ అని శీర్షిక పెట్టడం అన్యాయం.

మంచి బాక్టీరియా, చెడ్డ బాక్టీరియా అని గీత గీయడం కూడా అంత సులువు కాదు. నెదర్లాండ్స్‌లో జరిగి 2022లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, డిప్రెషన్ లక్షణాలు ఎక్కువున్న వాళ్ళలో ఎగర్తెల్లా అనే బాక్టీరియా ఎక్కువగా కనబడింది. 2024లో అమెరికా పరిశోధకులు మరో సంగతి చెప్పారు. అదే ఎగర్తెల్లా, గోర్డోనిబాక్టర్ అనే మరో బాక్టీరియాతో పాటు, శరీరంలోని కొన్ని స్టెరాయిడ్లను అల్లోప్రెగ్ననోలోన్ అనే పదార్థంగా మార్చగలదట. 2019లో అమెరికాలో బాలింతల డిప్రెషన్‌కు అనుమతి పొందిన మొదటి మందు సరిగ్గా ఆ పదార్థమే! ఇక ఎగర్తెల్లాను దొంగ అనాలా, దొర అనాలా?

ఇప్పుడు డబ్బా సంగతికి వస్తాను. ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘మూడ్’, ‘మహిళల కోసం’. కింద ఇన్ని వందల కోట్ల సజీవ బాక్టీరియా అన్న అంకె. పేర్ల దగ్గర జాతి, ప్రజాతి ఉంటాయి గానీ చాలాసార్లు స్ట్రెయిన్, అంటే ఒకే జాతిలోని ఫలానా రకం, ఏదో ఉండదు. అసలు కీలకం అదే. ఒక స్ట్రెయిన్ మీద చేసిన పరీక్ష ఇంకోదానికి వర్తించదు. వెనక, భూతద్దం పెట్టి చూడాల్సిన చోట, ఇది ఏ వ్యాధినీ నయం చేయడానికి ఉద్దేశించినది కాదని ఉంటుంది. ముందు చెప్పినదాన్ని వెనక కాదనడమన్నమాట.

స్ట్రెయిన్ తెలిసినా ఎలుకల్లో ఫలితం మనుషుల్లో రావాలని లేదు. జేబీ-1 అనే స్ట్రెయిన్ 2011లో ఎలుకల్లో ఆందోళన తగ్గించిందని పెద్ద పేరు తెచ్చుకుంది. 2017లో మనుషుల మీద చూస్తే ఏ ప్రయోజనమూ కనబడలేదు. ఆ పరీక్షలో పాల్గొన్న 29 మందీ ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళు! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో డిప్రెషన్ మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. వాళ్ళ నెలసరి దశ, గర్భం, ముట్లుడిగే వయసు, వాడుతున్న గర్భనిరోధక మాత్రలు, ఇవేవీ నమోదు చేయని పరీక్షతో ‘మహిళల కోసం’ అని ఎలా అమ్ముతారు?

నా భయం డబ్బు దండగవుతుందని కాదు. యాంటిడిప్రెసెంట్ వాడుతున్న ఆవిడ ‘సహజమైన దారి దొరికింది కదా’ అని దాన్ని ఉన్నట్టుండి మానేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు వచ్చిపడవచ్చు, జబ్బు తిరగబెట్టవచ్చు. ఇంట్లోవాళ్ళు ‘తిండి సరిగ్గా తింటే పోయేదానికి డాక్టరెందుకు’ అనడానికీ ఇదొక సాకవుతుంది. డిప్రెషన్ వచ్చిన ఆడదాన్ని తప్పుపట్టడానికి ఇప్పటికే ఉన్న సాకులు చాలవా?

యూరోపియన్ యూనియన్‌లో అధికారికంగా ఆమోదం పొందని ఆరోగ్య ప్రయోజనాన్ని ఆహార ఉత్పత్తి మీద రాయకూడదు. ‘ప్రోబయోటిక్’ అన్న మాటనే అలాంటి ప్రచారంగా పరిగణిస్తారు. ఆ పాటి నిబంధన ప్రతిచోటా ఉండాలి. మనసు కుదుటపడుతుందని చెప్పి అమ్మే సరుకును మందులాగే పరీక్షించాలి, స్ట్రెయిన్ పేరు లేని డబ్బాను అమ్మనివ్వకూడదు.

మీకూ ఒక విన్నపం. ఇలాంటి వార్త వేసినప్పుడు ‘ఎలుకల్లో’ అన్న మాట చివరి పేరాలో కాకుండా శీర్షికలోనే పెట్టండి. ఆ వార్త పక్కన ప్రోబయోటిక్ ప్రకటన వేయకండి.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, మీ పాఠకురాలు